నిలబడే ఉద్యోగం

"ఒక్క మాట చెప్తే సరిపోతుంది," అన్నాడు బావ గుమ్మంలోనే నిలబడి. బూట్లు కూడా విప్పలేదు. "రేపు షట్టరు తియ్యగానే మేడం గదిలోకి వెళ్ళు. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ డ్యూటీలో కూర్చోనని చెప్పు. అంతటితో అయిపోతుంది."

"చెప్పను," అంది చిన్ని.

అక్క కుట్టుమిషను ఆగింది.

ముందుగదిలో సగం ఆ మిషనుదే. మిగతా సగం కర్టెన్లది. ఏదో హోటలువాళ్ళు షోరూంలో ఆర్డరిచ్చిన ఆకుపచ్చ గుడ్డ, కత్తిరించింది ఒక పక్క, అంచులు మడిచింది ఒక పక్క, మంచం మీదా బల్ల మీదా పరుచుకుని ఉంది. పొద్దున్న మొదలైతే ఆ మిషను చప్పుడు ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది. అది ఆగితేనే ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఏం జరిగిందని అక్క అడిగింది.

"నీ చెల్లెల్నే అడుగు. నడి షోరూంలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది."

"కాలు మీద కాలు వేసుకోలేదు," అంది చిన్ని. "అంత ఓపికే ఉంటే నిలబడేదాన్ని."

జరిగింది చూడబోతే చిన్న విషయమే. చిన్ని ఆ షోరూంలో కర్టెన్ల సెక్షన్ చూస్తుంది. గుడ్డ తాను దించడం, బల్ల మీద దొర్లించి పరచడం, మీటరు కర్రతో కొలవడం, కత్తెరతో అంచున గాటు పెట్టి బర్రున చింపడం, మడిచి చేతికివ్వడం. షట్టరు లేచినప్పటి నుంచి దిగేదాకా, భోజనం వేళ తప్ప, అమ్మేవాళ్ళెవరూ కూర్చోకూడదు. కుర్చీలు లేక కాదు. అవి కొనేవాళ్ళకి.

ఆ సాయంత్రం ఒక పెద్దావిడకి కిటికీ కొలతలు లెక్కకట్టి చెబుతుండగా చిన్నికి బల్లకి అవతల ఉన్న మనిషి మసకబారింది. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది. వేళ్ళు చల్లబడ్డాయి. పడిపోయేలోపు వెనకనున్న గుడ్డమూట మీద కూలబడింది. సరిగ్గా అప్పుడే షోరూం నడిపే మేడం పై గదిలోంచి మెట్లు దిగుతోంది.

ఆ అంతస్తుకి మేనేజరు బావే. ముందు లెమ్మని సైగ చేశాడు. చిన్ని కదల్లేదు. తర్వాత పైకే అన్నాడు. ఒక్క నిమిషం బావా, అంది చిన్ని. మేనేజర్ని నలుగురిలో బావా అని పిలవకూడదని కూడా అప్పుడు గుర్తులేదు. మేడం చిన్నిని ఏమీ అనలేదు. బావవైపు ఒక చూపు చూసి దాటిపోయింది. ఆ చూపునే అతను ఇప్పుడు ఇంటిదాకా మోసుకొచ్చాడు.

"తర్వాత పైకి పిలిచి అడిగింది," అన్నాడు బావ. ఇప్పుడు కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. "ఆ అమ్మాయికేమైంది అని."

"ఏం చెప్పారు?" అంది చిన్ని.

"ఏమీ లేదు, నటన అన్నాను."

 బావ ఒక బూటు పక్కన పెట్టి, రెండోది చేతిలోనే ఉంచుకుని, తనమీద ఎవరో నేరం మోపినట్టు గొంతు పెంచాడు. జబ్బు మనిషని చెబితే రేపే ఇంటికి పంపించేస్తారట. బద్ధకమని చెబితే నాలుగు తిట్టి వదిలేస్తారట. తాన్లు మోసే పనితో మొదలుపెట్టి మేనేజరు అయ్యేసరికి, ఎక్కడ ఏ మాట చెబితే మనిషి నిలుస్తాడో తనకి తెలిసిందట. చిన్ని మంచికే అలా చెప్పాడట.

"నా మంచికి నన్ను దొంగని చేశారు," అంది చిన్ని.

"దొంగ అనలేదు."

"లేని జబ్బు ఉందనేదాన్ని ఏమంటారు మరి?"

అక్క ఇద్దరి మధ్యకీ రాలేదు. సూదిలోంచి జారిపోయిన దారాన్ని మళ్ళీ ఎక్కించడానికి వంగింది. చాలాసేపు ఎక్కించలేకపోయింది.

ఆస్తమా చిన్నికి కొత్త కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. దుమ్ము రేగినా, చలిగాలి తగిలినా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మ పోయాక అక్క దగ్గరికి వచ్చేసరికి పీల్చే మందు సంచిలో ఉండటం, అది ఎప్పుడు ఎలా వాడాలో తెలియడం అలవాటైపోయాయి. తాన్లు విప్పినప్పుడల్లా లేచే నూగుకి ముక్కుకి గుడ్డ కట్టుకునేది. అదంతా తన చేతిలో ఉన్న వ్యవహారం.

ఈ మధ్య వచ్చింది వేరు. ఇందులో పిల్లికూతలు లేవు. ఒకేచోట నిలబడితే చాలు, గుండె తరిమినట్టు పరిగెత్తేది. పాదాల్లోకి ఒళ్ళంతా దిగిపోయినట్టుండేది. ఒకసారి చెమటతో తడిసిపోయేది, ఒకసారి అసలు చెమటే పట్టేది కాదు. కూర్చుంటే కాసేపటికి సర్దుకునేది. మొదట్లో ఆస్తమాయేననుకుని మందు పీల్చింది. గుండె ఇంకా ఎక్కువ కొట్టుకుంది. వీధి చివర డాక్టరు వయసు అడిగి, పెళ్ళి కాలేదా అని అడిగి, ఇది భయం తప్ప ఇంకేమీ కాదని నిద్రమాత్ర రాసిచ్చాడు.

చివరికి కిందటి వారం ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. నెరిసిన గడ్డం, తాపీగా మాట్లాడే మనిషి. గొట్టంలోకి ఊదించి చూశాడు. ఊపిరి బాగానే ఉందన్నాడు. ఆ మాట చిన్ని అప్పటికి చాలాసార్లు విన్నది, లేచి వెళ్ళిపోబోయింది. ఆయన ఆపి, మంచం మీద పడుకోబెట్టి, కాసేపు మాట్లాడనివ్వకుండా ఉంచి నాడి చూశాడు. తర్వాత నిలబెట్టి, ఆనుకోనివ్వకుండా, మళ్ళీ మళ్ళీ చూశాడు.

"మీరు ఊరికే నిలబడ్డారు," అన్నాడు. "మీ గుండె మాత్రం మెట్లెక్కుతోంది."

తర్వాత కూర్చోబెట్టి విడమర్చి చెప్పాడు. మనం చెప్పకుండానే పనిచేసే నరాలు ఒంట్లో ఉంటాయట. లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోకుండా చూసేవీ, గుండె వేగాన్ని పెంచి తగ్గించేవీ, చెమట పట్టించేవీ అవే. ఊపిరి గొట్టాలు బిగుసుకోవడంలో, వదులవ్వడంలో కూడా వాటి చెయ్యి ఉందట. ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి ఆ నరాల పని కూడా కాస్త తేడాగా ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించిందట.

అయితే ఆస్తమా వల్లే ఇది వచ్చిందా అని చిన్ని అడిగింది.

"అయ్యుండొచ్చు," అన్నాడాయన. "కాకపోనూవచ్చు. ఏది ముందో ఏది వెనకో ఇంకా తేలలేదమ్మా. మీరు పీల్చే మందు కూడా గుండెని కొంచెం తొందరపెడుతుంది, అదీ చూడాలి. అలాగని మందు మాత్రం మానెయ్యొద్దు."

నరాల డాక్టరు దగ్గర ఇంకో పరీక్ష ఉందనీ, పలకలాంటి మంచం మీద పడుకోబెట్టి, మంచాన్నే నిలువుగా లేపి చూస్తారనీ చెప్పి అక్కడికి రాసిచ్చాడు. దానికి వంతు రావడానికి చాలా రోజులు పడుతుంది. ఈలోగా నీళ్ళు బాగా తాగమన్నాడు. ఒకేచోట నిలబడొద్దన్నాడు. కళ్ళు మసకబారేదాకా ఆగకుండా ముందే కూర్చోమన్నాడు. ఆ సంగతి షోరూంవాళ్ళకి కూడా రాసిచ్చాడు.

ఇన్నాళ్ళలో తనకి తెలియదని ఒప్పుకున్న డాక్టరు ఆయనొక్కడే. అందుకే చిన్ని ఆయన్ని నమ్మింది.

బావకి నచ్చనిది కూడా సరిగ్గా అదే. డాక్టరు రాసిచ్చిన కాయితాన్ని ఆవేళే చదివి నవ్వాడు, మేడం దాకా పోనివ్వలేదు. ఇప్పుడు మళ్ళీ అదే ఎత్తుకున్నాడు.

"అయ్యుండొచ్చట. అయ్యుండొచ్చని చెప్పి కుర్చీ అడిగితే ఎవరిస్తారు? ఆస్తమా అంటే ఊపిరికి. కాళ్ళకేంటి సంబంధం? నేనెళ్ళి మేడంకి ఏమని చెప్పను, మా మరదలికి కాళ్ళలో ఆస్తమా ఉందనా?"

"మీకు రాకపోతే నేను చెప్తాను."

"పైగా నరాల డాక్టరు. ఆ గుమ్మం తొక్కితే షోరూంలో ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"పిచ్చంటారు."

"అననీండి. పిచ్చిదానికైనా కుర్చీ వేస్తారేమో చూద్దాం."

 బావ రెండో బూటు గోడవారకి విసిరాడు. అది కర్టెన్ల కుప్ప మీద పడింది. అక్క లేచి, బూటు తీసి బయట పెట్టి, గుడ్డకి మట్టి అంటిందేమోనని దులిపి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర గరిటెలే మాట్లాడాయి. ఒక్కసారి మాత్రం బావ కంచంలోకి చూస్తూ, కోపం లేకుండా అన్నాడు. ఈ ఇంట్లో ముగ్గురూ ఆ షోరూం మీదే బతుకుతున్నారని. తన ఉద్యోగం అక్కడే, చిన్నిది అక్కడే, ఇంటికొచ్చే కుట్టుపనీ అక్కడిదే. ఒకరు కూర్చుంటే ముగ్గురూ కింద పడతారని. అది అబద్ధం కాదు. అందుకే చిన్నికి ముద్ద దిగలేదు. కానీ చెప్పనన్న మాట వెనక్కి తీసుకోలేదు.

తిన్నాక గిన్నెలు తోమడానికి చిన్ని తొట్టి దగ్గర నిలబడింది. అక్క వచ్చి పక్కన నిలబడి, తోమిన గిన్నెలు అందుకుని తుడుస్తోంది. కాసేపటికి చిన్ని మోచేతులు తొట్టి అంచుకి ఆనించడం చూసింది.

"కూర్చో," అంది.

"ఇంకా రెండే ఉన్నాయి."

"కూర్చోమన్నానా."

చిన్ని గోడకానుకుని నేలమీద కూర్చుంది. అక్క కూడా తడిచేతులు చీరకి తుడుచుకుని ఎదురుగా కూర్చుని, చెల్లెలి మణికట్టు పట్టుకుంది. నాడి ఎక్కడుంటుందో తెలియక తడుముకుంది. చిన్నే ఆ వేళ్ళని సరైన చోట పెట్టింది. ఇద్దరూ కాసేపు అలాగే కూర్చున్నారు. చిన్నప్పుడు ఆయాసం వచ్చి నిద్రపట్టనప్పుడు అక్క ఇలాగే వీపు మీద చెయ్యి వేసి కూర్చునేది.

"ఇప్పుడు లే," అంది అక్క, మణికట్టు వదలకుండానే.

ఇద్దరూ కలిసి లేచారు. చిన్ని ఎక్కడా ఆనుకోకుండా నిలబడింది. అక్క మొహం మెల్లగా మారింది. వేళ్ళ కింద ఏదో పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆగలేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి కుట్టు ఎంత వేగంగా పడుతోందో చెప్పగల మనిషి ఆమె.

"ఎప్పుడూ ఇంతేనా?"

"నిలబడితే ఇంతే."

"రోజంతా ఇలా నిలబడి పనిచేస్తున్నావా నువ్వు?"

 అక్క ముందుగది వైపు తిరిగి, గొంతు పెంచకుండా పిలిచింది. "ఏమండీ. ఒకసారి ఇటు వచ్చి చెయ్యి పెట్టి చూడండి."

బావ గుమ్మం దాకా వచ్చాడు. అక్క పట్టుకున్న చేతినీ, పాలిపోయిన చిన్ని పెదాలనీ చూశాడు. లోపలికి మాత్రం అడుగు వెయ్యలేదు. తెల్లారి త్వరగా వెళ్ళాలని ఏదో గొణిగి వెనక్కి తిరిగాడు. వెంటనే టీవీ చప్పుడు పెరిగింది.

"చెయ్యి పెడితే తెలిసిపోతుందని భయం," అంది అక్క. మొగుడి గురించి ఆమె అలాంటి మాట అనగా చిన్ని వినడం అదే మొదటిసారి.

పొద్దున్న బావ తయారై గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బూట్ల పక్కన పెద్ద మూట ఉంది. ఆకుపచ్చ గుడ్డ, కుట్టినవీ కుట్టనివీ వేరు వేరుగా మడిచి కట్టింది అక్క.

"ఏంటిది?"

"హోటలువాళ్ళ కర్టెన్లు. తీసుకెళ్ళిపోండి."

"సగం కూడా అవ్వలేదు."

"అవ్వవు. నా చెల్లెలు కూర్చోకూడని చోటికి నేను కూర్చుని కుట్టిపెట్టను."

బావ అక్క మొహంలోకి చూశాడు, ఇదేమైనా వేళాకోళమా అన్నట్టు. ఎల్లుండికి ఇవ్వాలని గుర్తుచేశాడు. తెలుసంది అక్క. మాట పోతుందన్నాడు. పోనీండి, అంది. తానిచ్చిన మాట పోతుందని గట్టిగా అన్నాడు. అక్క అదే గొంతుతో, మీరు నిన్న నటన అన్నప్పుడు పోయింది కూడా మాటేనంది.

అతను మూట ముట్టుకోకుండా దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు.

చిన్నికి ఏం చెయ్యాలో తోచలేదు. ఇంతకాలం గొడవ తనదనుకుంది. ఇప్పుడు అక్క కాపురంలోకి పాకింది. తన కోసం ఇంత పని చెయ్యొద్దని, కుట్టెయ్యమని బతిమాలబోయింది. అక్క వినిపించుకోలేదు. మిషను కింద నుంచి తను కూర్చునే స్టూలు ఈడ్చి, గుడ్డపెట్టి తుడిచి, చిన్ని చేతిలో పెట్టింది. చెక్కది, గుండ్రటిది, ఏళ్ళ తరబడి కూర్చుని నునుపు తేలింది.

"వాళ్ళు వెయ్యకపోతే మనదే ఉందిగా," అంది.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావక్కా?"

"నాకిప్పుడు కూర్చునే పనేముంది?"

బస్సులో స్టూలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చిన్నిని చూసి, సీట్లున్న బస్సులోకి సీటు తెచ్చుకున్నావేంటమ్మా అని కండక్టరు నవ్వాడు. షోరూం కాపలాదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మకానికా అని అడిగాడు. కాదు, వాడకానికి అని చెప్పి లోపలికి నడిచింది. కాళ్ళు వణుకుతున్నాయి. అది జబ్బో భయమో ఆమెకే తెలియలేదు. ఏదైతేనేం, స్టూలు తీసుకెళ్ళి కోత బల్ల వెనక పెట్టింది.

పక్క సెక్షన్‌లో దుప్పట్లు అమ్మే కత్తెర పిన్ని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కత్తెర పెడితే గుడ్డ అంగుళం కూడా వంకర పోదని ఆ పేరు వచ్చింది. చిన్ని చేరకముందు నుంచీ ఉంది. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉంటాయి. నా కాళ్ళు నాకంటే పదేళ్ళు పెద్దవే అని తనే జోకు వేస్తుంది.

"నీకేమైనా మతిపోయిందా? తీసెయ్, ముందది లోపల దాచెయ్."

"దాచుకుని ఎలా కూర్చోను పిన్నీ?"

"ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూర్చోలేదు, తెలుసా?"

"కూర్చోవాలని అనిపించలేదా?"

కత్తెర పిన్ని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

చిన్ని పని మానలేదు. తాను దించాల్సి వస్తే లేచింది, కొలవాల్సి వస్తే లేచింది. రంగులు చూపించేటప్పుడూ, కొలతలు రాసేటప్పుడూ, మడత పెట్టేటప్పుడూ కూర్చుంది. మొదట వచ్చిన దంపతులు దాన్ని గమనించనే లేదు, కిటికీకి పువ్వులా గీతలా అని వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకున్నారు. తర్వాతొచ్చిన పెద్దాయన ఎదుటి కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళకి మెడ పైకెత్తకుండా బేరమాడుతున్నానని సంతోషించాడు. చుట్టుపక్కల అమ్మాయిలు ఓరకంట చూస్తున్నారు. బావ అటుగా చాలాసార్లు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ తలతిప్పి ఇంకెటో చూశాడు. స్టూలు అతనికి కనిపించనట్టూ, తను అతన్ని చూడనట్టూ చిన్ని కూడా తలవంచుకుంది.

పై గదికి అద్దం గోడ. అక్కణ్ణుంచి అంతా కనిపిస్తుంది. మేడం దిగి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

చిన్ని అప్పుడు ఒకావిడకి నీలం రంగులు చూపిస్తోంది. మేడం వచ్చి బల్ల చివర నిలబడగానే చుట్టూ మాటలు అణిగిపోయాయి. అలవాటు కొద్దీ చిన్ని లేవబోయింది. సగం లేచి, బల్ల అంచు పట్టుకుని, మళ్ళీ కూర్చుంది. ఆ కూర్చోవడం అందరూ చూశారు.

"ఎవరు తెచ్చారది?" అంది మేడం.

"నేనే మేడం. ఇంటి నుంచి."

మేడం అరిచే రకం కాదు. నీలం రంగులు చూస్తున్నావిడకి క్షమించమని చెప్పి, మంచినీళ్ళు తెప్పించి, ఆ తర్వాతే చిన్నివైపు తిరిగింది. తను జాలి లేని మనిషిని కాదంది. తన కొడుక్కీ ఆస్తమా ఉందనీ, వాడు ఫుట్‌బాల్ కూడా ఆడతాడనీ, ఇలా కూర్చోబెట్టమని వాడెప్పుడూ అడగలేదనీ చెప్పింది.

"అందరికీ ఇలా ఉండదు మేడం," అంది చిన్ని. "నాకుంది."

"ఆస్తమాకీ దీనికీ సంబంధం ఉందని డాక్టరు చెప్పాడా?"

"ఉండొచ్చన్నాడు."

"ఉండొచ్చు?"

"అవును మేడం. లేకపోనూవచ్చు. సంబంధం ఉన్నా లేకపోయినా పడిపోయేది మాత్రం నేనే."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చేశారు. మేడం నొసలు ముడిపడ్డాయి. ఒకళ్ళని కూర్చోనిస్తే రేపు అందరూ కూర్చుంటారంది. కూర్చున్న మనిషి దగ్గర కొనేవాళ్ళకి నమ్మకం కుదరదంది. పైగా నిన్న మేనేజరు గారు ఇంకోలా చెప్పారంది. ఆ మాటకి అందరి కళ్ళూ బావ మీదకి తిరిగాయి. అతను దుప్పట్ల సెక్షన్ మొదట్లో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సరే, ఎవరి మాటా వద్దు," అంది మేడం. "లేచి నా ముందు నిలబడు. నేనే చూస్తాను. నిజంగా నిలబడలేకపోతే నీకు కుర్చీ నేనే వేయిస్తాను."

అడిగింది న్యాయంగానే ఉన్నట్టుంది. నిలబడితే చాలు. కాసేపట్లో కళ్ళు మసకబారతాయి, మోకాళ్ళు వదిలేస్తాయి, నేలమీద పడుతుంది, అందరూ నమ్ముతారు. కత్తెర పిన్ని కళ్ళతోనే నిలబడమని బతిమాలుతోంది. చిన్నికి ఒక్క క్షణం అదే తేలికనిపించింది. మరుక్షణం ఒళ్ళు మండింది.

"నిలబడను మేడం."

"ఏం?"

"నేను పడితే తప్ప నా మాట నిజం కాదంటే, ఆ నిజం నాకక్కర్లేదు. మిమ్మల్ని నమ్మించడానికి పడి చూపించను."

మేడం మొహం ఎర్రబడింది. ఇంతమంది ముందు తనకి కాదన్న జవాబు ఎదురవుతుందని ఆమె అనుకోలేదు. మేనేజరు గారూ, అని పిలిచింది. ఆ పిలుపులోనే ఆజ్ఞ ఉంది. ఈ అమ్మాయిని లేపి నిలబెట్టండి, లేదా బయటికి పంపించండి.

బావ నడిచి వచ్చాడు. వచ్చి స్టూలు పక్కన ఆగాడు. అంత దగ్గరగా అతన్ని చూస్తే, రాత్రి అతనూ నిద్రపోలేదని చిన్నికి తెలిసింది. గడ్డం గీసుకునేటప్పుడు దవడ దగ్గర కోసుకున్నాడు. అతను ఆమె భుజం పట్టుకుని లేపుతాడనుకుంది. లేపితే ఏం చెయ్యాలో కూడా అనుకుంది, స్టూలు రెండు చేతులా పట్టుకుని వదలకూడదని.

"నిలబెట్టొద్దు మేడం," అన్నాడు బావ. "పడిపోతుంది."

"నిన్న మీరేగా నటన అన్నారు?"

బావ అటూ ఇటూ చూడలేదు.

"అన్నాను," అన్నాడు.

ఇంకేమైనా చెబుతాడేమోనని మేడం ఎదురుచూసింది. అతను చెప్పలేదు. ఎందుకన్నాడో, ఇప్పుడెందుకు కాదంటున్నాడో ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆ ఒక్క మాటనీ అలాగే అందరి మధ్యలో వదిలేశాడు. చిన్ని అతనివైపు చూడాలనుకుంది, చూడలేకపోయింది.  

"మీరు పైకి రండి," అంది మేడం. వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కింది.

బావ వెంటనే కదల్లేదు. నడుముకి వేలాడే తాళాల గుత్తి ఊడదీశాడు. ఆ అంతస్తు బీరువాలవీ, గోదాంవీ, షట్టరువీ అన్నీ అందులోనే ఉంటాయి. ఏళ్ళ తరబడి డ్యూటీలో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వని మనిషి, దాన్ని కోత బల్ల మీద, చిన్ని మోచేతి పక్కన పెట్టాడు. ఏదో అనడానికి నోరు తెరిచి, ఎదురుగా కొనడానికొచ్చినావిడ ఉందని గుర్తొచ్చినట్టు ఆగి, మెట్లవైపు వెళ్ళిపోయాడు.

పైన అద్దం తలుపు మూసుకుంది. లోపల మేడం కూర్చుంది. బావ నిలబడే ఉన్నాడు. పెదాలు కదలడం కనిపిస్తోంది, మాటలు వినిపించడం లేదు.

"ఆ ముదురు నీలం ఎన్ని మీటర్లు పడుతుందమ్మా?" అని ఎదుటి ఆవిడ మెల్లగా అడిగింది.

చిన్ని లేచి తాను దించింది, కొలిచింది, గాటు పెట్టి చింపింది. మళ్ళీ కూర్చుని మడత పెట్టింది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. చూపు మాత్రం మాటిమాటికీ తాళాల మీదకి పోతోంది.

కత్తెర పిన్ని దుప్పటి మడతపెడుతున్నట్టు నటిస్తూ పక్కకి వచ్చి, పెదవి కదపకుండా అడిగింది.

"చిన్నీ, ఆ తాళాలు నీకిచ్చి వెళ్ళాడా, ఉద్యోగమే వదిలేసి వెళ్ళాడా?"

చిన్ని పైకి చూసింది. అద్దం వెనక బావ ఇప్పుడు మాట్లాడటం లేదు. మేడం ఫోను తీసి ఎవరికో చేస్తోంది.